కార్సెట్ వల్ల నడుము శాశ్వతంగా మారుతుందా? హార్మోన్లు మొదలుపెట్టి 14 నెలలు

నీలిగవ్వ

అందరికీ నమస్కారం. ఇంతకాలం ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. నేను 27 ఏళ్ల ట్రాన్స్ మహిళను. ఈస్ట్రోజెన్, స్పైరోనోలాక్టోన్ మాత్రలు మొదలుపెట్టి 14 నెలలయింది. చర్మం మెత్తబడింది, ముఖం కాస్త గుండ్రబడింది, రొమ్ములు నెమ్మదిగానైనా పెరుగుతున్నాయి. నడుము మాత్రం నా మాట వినడం లేదు. పక్కకు తిరిగి నిలబడితే ఫర్వాలేదనిపిస్తుంది కానీ, ఎదురుగా అద్దంలో చూసుకుంటే చంకల కింది నుంచి తుంటి దాకా స్కేలు పెట్టి గీసినట్టు ఒకటే గీత.

రెండు నెలల కిందట కార్సెట్ ఒకటి, అంటే లేసులతో నడుమును బిగించి సన్నగా చూపే ఉక్కు పట్టీల తొడుగు, తెప్పించుకున్నాను. నా నడుము 33 అంగుళాలు, కార్సెట్ 26 అంగుళాలది. అమ్మినవారు రోజూ ఎక్కువసేపు వేసుకుంటే ఆరు నెలల్లో నడుము ఆ ఆకారానికే వచ్చేస్తుందని చెప్పారు. మొదట 4 గంటలతో మొదలుపెట్టి ఇప్పుడు 9 గంటల దాకా వేసుకుంటున్నాను. వేసుకున్నంతసేపు అద్దం ముందు నుంచి కదలాలనిపించదు. విప్పిన గంటకే మళ్లీ పాత గీత వచ్చేస్తుంది, అప్పుడు పడే దిగులు వేసుకోక ముందు ఉన్న దిగులు కంటే ఎక్కువ. ఈమధ్య ఎడమ తొడ బయటివైపు తిమ్మిరెక్కుతోంది, కూర్చుని లేచేటప్పుడు ఒక్కోసారి కళ్లు తిరుగుతున్నాయి.

నేను అడగదలచినది రెండే. గంటలు పెంచితే మార్పు నిలుస్తుందా? హార్మోన్లు చేయవలసిన పని చేసేశాయా, లేక ఇంకా సమయం ఉందా?

మధ్యమావతి

మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మొదటి ప్రశ్న దానిలోంచే పుట్టింది. 14 నెలలంటే దారి ఇంకా చాలా ఉంది. కొవ్వు చేరే చోట్లు మారడం ఈస్ట్రోజెన్ మొదలుపెట్టిన మూడు నుంచి ఆరు నెలల్లో ఆరంభమవుతుందనీ, పూర్తి ఫలితానికి రెండు నుంచి ఐదేళ్లు పడుతుందనీ ట్రాన్స్ ఆరోగ్య నిపుణుల ప్రపంచ సంఘం డబ్ల్యూపాత్ 2022లో తెచ్చిన ఎనిమిదవ ప్రమాణాల్లో ఉంది. పాత కొవ్వు పొట్ట మీద నుంచి లేచి తుంటికి నడిచిపోదు; ఉన్నది క్రమంగా ఖర్చవుతూ, కొత్తగా చేరేది కొత్త చోట్ల చేరుతుంది. అందుకే అది అంత నిదానం, అందుకే నెలకోసారి టేపుతో కొలిచేవారికి ఏమీ జరగడం లేదనిపిస్తుంది.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఎముకల పెరుగుదల ముగిశాక హార్మోన్లు వాటి వెడల్పును మార్చలేవు. పక్కటెముకల గూడు, భుజాలు, కటి ఎముక ఎలా స్థిరపడ్డాయో అలాగే ఉంటాయి. మీరు చెప్పే ఆ నిటారు గీతలో కొంత భాగం కొవ్వుది, కొంత భాగం ఎముకలది. మొదటి భాగం మారుతుంది, రెండోది మారదు. ఎవరిలో ఏది ఎంతన్నది మూడో ఏడు దాటితే గానీ తెలియదు. నాకు నాలుగో ఏడాదిలో కూడా తుంటి కొలత పెరిగింది. నడుము కొలత మాత్రం మొదటి రోజు ఎంతో ఈ రోజూ దాదాపు అంతే. అయినా పాత దుస్తులేవీ నాకు పట్టడం లేదు.

సూదీదారం

నేను కార్సెట్లు కుట్టే మనిషిని. మీ సందేశంలో నన్ను అన్నిటికంటే కంగారు పెట్టింది ఆ 33, 26 అంకెలు. మొదటి కార్సెట్‌కు 7 అంగుళాల తేడా ఏ లెక్కనా సరికాదు. ఇంకో రెండు కొలతలు చెప్పగలరా? రొమ్ముల కింద చుట్టుకొలత ఎంత? తుంటి ఎముక పైఅంచు దగ్గర ఎంత? కార్సెట్ వేసుకున్నప్పుడు వీపు మీద లేసుల మధ్య ఖాళీ ఏ ఆకారంలో ఉందో కూడా ఎవరి చేతనైనా చూపించుకోండి, లేదా ఫోను వెనక్కి పెట్టి ఫొటో తీసుకోండి.

నీలిగవ్వ

రొమ్ముల కింద 35, తుంటి ఎముక పైన 36. వీపు మీద ఖాళీ పైన నాలుగు అంగుళాలకు పైగా ఉంది, కిందికి వచ్చేసరికి రెండు అంచులూ కలిసిపోయాయి.

సూదీదారం

అనుకున్నదే అయింది. వివరంగా రాస్తాను, ఇలాంటి కొలతలున్నవారు చాలామంది ఇదే పొరపాటులో పడుతున్నారు.

రెడీమేడ్ కార్సెట్ కుట్టేవారు ఒక ఊహాశరీరాన్ని మనసులో పెట్టుకుంటారు: చిన్న పక్కటెముకల గూడు, పొట్టి మొండెం, బాగా విచ్చుకున్న తుంటి. మీది 26 అంగుళాలదంటే, పూర్తిగా మూస్తే పైన 31, కింద 36 ఉండే రకమై ఉంటుంది. మీ తుంటికి 36 సరిపోయింది కాబట్టి కింద అంచులు కలిశాయి. మీ పక్కటెముకలకు 35 కావాలి కాబట్టి పైన నాలుగు అంగుళాల ఖాళీ వచ్చింది. అంటే ఆ కార్సెట్ మీ నడుమును పట్టుకోవలసింది పోయి మీ ఎముకల గూడును నొక్కుతోంది. లేసుల ఖాళీ పైనుంచి కింది దాకా ఒకే వెడల్పులో, రెండు అంగుళాలు అటూఇటుగా ఉంటే కార్సెట్ శరీరానికి సరిపోయినట్టు. పైన విచ్చుకున్నా కింద విచ్చుకున్నా అది మీ శరీరం తప్పు కాదు, కత్తిరింపు తప్పు. అలా వంకరగా లాగితే ఉక్కు పట్టీలు కూడా మెలిపడి పాడైపోతాయి.

మీకు కావలసింది మూస్తే పైన 33, నడుము 28, కింద 34 ఉండేది. రెండు అంగుళాల ఖాళీతో వేసుకుంటే 35, 30, 36 అవుతుంది. మూడు అంగుళాల తగ్గింపు తక్కువగా వినిపిస్తుందని తెలుసు. కానీ చూసేవారి కన్ను అంగుళాలు లెక్కపెట్టదు, పక్కనున్నదానితో పోల్చి చూస్తుంది. అదే 30 అంగుళాల నడుము కింద తుంటికి రెండు వైపులా పల్చని మెత్తలు పెట్టి పైన పావడా వేసుకుంటే, 26 చేయలేని పని జరుగుతుంది. లాగడం కంటే చేర్చడం ఎప్పుడూ తేలిక. శతాబ్దాలుగా దర్జీలకు తెలిసిన కిటుకు ఇది.

ఇంకో కొలత కూడా తీసుకోండి. కుర్చీలో నిటారుగా కూర్చుని రొమ్ముల కింది నుంచి తొడ మొదలు దాకా ఎంత పొడవుందో చూడండి. కార్సెట్ అంతకంటే పొడవుగా ఉంటే కూర్చున్న ప్రతిసారీ కింది అంచు తొడ మొదట్లో గుచ్చుకుంటుంది.

ఊపిరి

ఫిజియోథెరపిస్టును, ట్రాన్స్ మహిళను కూడా. తొడ సంగతి నేను చెబుతాను. తుంటి ఎముక ముందు కొసకు దగ్గరగా, గజ్జ లోపలి నుంచి ఒక నాడి తొడ బయటి చర్మానికి వెళుతుంది. బిగుతైన బెల్టు, బిగుతైన ప్యాంటు, కార్సెట్ కింది అంచు, వీటిలో ఏది అక్కడ అదేపనిగా నొక్కినా మీరు చెప్పిన తిమ్మిరే వస్తుంది, కొందరికి మంట కూడా ఉంటుంది. దీనిని వైద్యులు మెరాల్జియా పారెస్తెటికా అంటారు. ఒత్తిడి తీసేస్తే ఎక్కువమందికి తగ్గిపోతుంది. తగ్గేదాకా, అంటే తగ్గిందని మీకు పూర్తిగా తెలిసేదాకా, కార్సెట్ పక్కన పెట్టండి. రెండు మూడు వారాల్లో తేడా కనిపించకపోయినా, కాలిలో బలహీనత అనిపించినా వైద్యుడికి చూపించుకోవాలి.

కళ్లు తిరగడం వేరే విషయం. స్పైరోనోలాక్టోన్ టెస్టోస్టిరాన్‌ను అడ్డుకోవడానికి వాడుతున్నా, పుట్టుకతో అది మూత్రం ఎక్కువగా పోయేలా చేసి రక్తపోటును తగ్గించే మందు. పొట్ట మీద బిగుతు ఉన్నవాళ్లు తెలియకుండానే నీళ్లు తాగడం తగ్గిస్తారు, పదేపదే బాత్రూముకు వెళ్లి అన్నీ విప్పుకోవడం విసుగు కాబట్టి మరింత తగ్గిస్తారు. ఆపైన ఊపిరి పైపైనే ఆడుతుంటుంది. ఈ మూడూ కలిస్తే లేచి నిలబడగానే కళ్లు తిరగడంలో వింతేమీ లేదు. మీకు హార్మోన్లు రాసిన వైద్యుడికి కార్సెట్ సంగతి తప్పకుండా చెప్పండి. రక్తపోటు, పొటాషియం చూస్తారు.

నడుము గురించి ఆలోచించే చోట ఎవరూ తలచని విషయం ఒకటుంది. ఈస్ట్రోజెన్ వాడేవారిలో సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం కొంత పెరుగుతుంది, పొగతాగేవారిలో మరింత. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఊపిరాడకపోయినా, ఛాతీలో పోటు వచ్చినా అది కార్సెట్ వల్లే అనుకుని ఊరుకోకూడదు. కార్సెట్ వల్ల వచ్చే ఆయాసం లేసులు వదులు చేసిన కాసేపటికి పోతుంది. పోకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పాతకాపు

ఇంత భయపెట్టవలసిన అవసరం ఉందా అని నా సందేహం. నేను తొమ్మిదేళ్లుగా వారానికి ఐదు రోజులు, రోజుకు పది గంటలు వేసుకుంటున్నాను. ఆరు అంగుళాల తగ్గింపు. నాకు తిమ్మిరీ లేదు, పులితేన్పులూ లేవు. వెన్ను నిటారుగా ఉంటుంది, నలుగురిలోకి వెళ్లే ధైర్యం వస్తుంది. కార్సెట్ గురించి చెప్పుకునే భయాలలో సగం కట్టుకథలు. పంతొమ్మిదో శతాబ్దపు స్త్రీలు సన్నని నడుము కోసం పక్కటెముకలు తీయించుకునేవారన్న కథ అందరూ నమ్ముతారు; క్రిములను అరికట్టే పద్ధతులు ఇంకా సరిగా వేళ్లూనుకోని ఆ కాలంలో అలాంటి శస్త్రచికిత్సకు ఎవరు సాహసిస్తారో ఒక్కరూ ఆలోచించరు. మరోవైపు ఎథెల్ గ్రేంజర్ అనే ఆవిడ ఏళ్ల తరబడి బిగించి 13 అంగుళాల నడుముతో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కి, ముసలితనం దాకా బతికింది. శరీరం అలవాటు పడుతుంది.

మధ్యమావతి

పాతకాపు గారూ, పక్కటెముకల కథ అబద్ధమన్న మీ మాటతో ఏకీభవిస్తాను. కానీ ఒక్కరు బతికి బట్టకట్టారు కాబట్టి అందరికీ క్షేమమే అనడం పొసగదు. మిమ్మల్ని ఒకటి అడుగుతాను, తప్పుగా తీసుకోకండి. తొమ్మిదేళ్ల తరువాత, కార్సెట్ విప్పిన మర్నాడు మీ నడుము ఎంత ఉంటుంది?

పాతకాపు

న్యాయమైన ప్రశ్నే. వేసుకునే రోజుల్లో, విప్పిన పూటకు అంగుళంన్నర తక్కువగా ఉంటుంది. రెండేళ్ల కిందట వేరే శస్త్రచికిత్స కారణంగా మూడు నెలలు మానేశాను. ఆ మూడు నెలల్లో పాత కొలతకే వచ్చేసింది. ఆ విషయం నేను ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను. నా మొదటి నెలల్లో నేను కూడా రెండు అంగుళాల తగ్గింపుతో, రోజుకు రెండు గంటలతోనే మొదలుపెట్టాను. ఆరు అంగుళాలకు చేరడానికి మూడేళ్లు పట్టింది. నీలిగవ్వ గారు రెండు నెలల్లో తొమ్మిది గంటలకు వెళ్లడం నా పద్ధతి కాదు, అది స్పష్టంగా చెప్పి ఉండవలసింది.

ఊపిరి

ధన్యవాదాలు, పాతకాపు గారూ. కింది రెండు జతల పక్కటెముకలు ముందువైపు దేనికీ అతుక్కుని ఉండవు. కార్సెట్ లోపలికి వంచేది ముఖ్యంగా వాటినే, దానితోపాటు మెత్తని కండను. ఒత్తిడి పోతే అవి తిరిగి తమ చోటికి రావాలనే చూస్తాయి. ఏళ్ల తరబడి అలాగే ఉంచితే కొంత వంపు మిగలవచ్చు, మీ అంగుళంన్నర అదే. దానిని నిలుపుకోవాలంటే జీవితాంతం వేసుకుంటూనే ఉండాలి. ఆ పని మీరు ఇష్టపడి చేస్తున్నారు, నాకు అభ్యంతరం లేదు. ఆరు నెలల్లో ఆకారం మారి నిలిచిపోతుందని అమ్మేవారు చెప్పడం మాత్రం వాపును బలుపని చూపించి సొమ్ము చేసుకోవడమే.

ఎక్కువ గంటలు వేసుకునేవారికి ఒక సూచన. వెన్నును మోసే పని కార్సెట్‌కు అప్పగిస్తే పొట్ట, నడుము కండరాలు బద్ధకిస్తాయి. వేసుకోని పూట వాటికి వ్యాయామం ఇవ్వండి. తుంటి కండరాలు పెరిగే వ్యాయామాలు చేస్తే ఎముక ఇవ్వని వెడల్పు కొంత కండ ఇస్తుంది.

గాలిపటం

నేను ట్రాన్స్ పురుషుణ్ణి, ఈ చర్చలోకి రావచ్చో లేదో తెలియదు. ఛాతీ చదునుగా కనిపించడానికి మేము కట్టుకునే బైండర్లకూ మీ కార్సెట్లకూ పోలిక చాలా ఉంది. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో ఛాతీ బిగించి కట్టుకునే 1,800 మందిని అడిగితే 97 శాతానికి పైగా ఏదో ఒక ఇబ్బంది ఉందన్నారు. వెన్నునొప్పి, ఆయాసం, దురద వగైరా. చాలా ఇబ్బందులకు ముడిపడి కనిపించింది వారంలో ఎన్ని రోజులు కట్టుకుంటున్నారన్నది. అందుకని మాలో పెద్దవాళ్లు కొత్తవాళ్లకు ఎనిమిది గంటల హద్దుతోపాటు వారంలో విడుపు రోజులు కూడా చెబుతారు. పడుకునేటప్పుడు కట్టుకోవద్దంటారు. ఆ అధ్యయనంలో అదే జనం, కట్టుకోవడం వల్ల మనసు కుదుటపడుతోందని కూడా చెప్పారు. రెండూ నిజమే.

నాకు టెస్టోస్టిరాన్ వల్ల తుంటి కొవ్వు తగ్గి, నడుము మందమైంది. మీరు వదిలించుకోవాలని చూస్తున్న గీత కోసం నేను మూడేళ్లు ఎదురుచూశాను. నవ్వు వస్తోంది, కోపగించుకోకండి.

నీలిగవ్వ

కోపమెందుకు? ఇచ్చిపుచ్చుకునే వీలుంటే ఈపాటికి ఇచ్చేసేదాన్ని.

తెరచాప

నీలిగవ్వా, నీ సందేశంలో నువ్వు రాయనిది ఒకటి అడుగుతున్నాను. అక్కలాంటి దాన్ని అనుకుని జవాబు చెప్పు, ఇక్కడ చెప్పడం ఇష్టం లేకపోతే నీకు నువ్వే చెప్పుకో. కార్సెట్ వేసుకున్న రోజున భోజనం ఎంత చేస్తున్నావు?

ఎందుకు అడుగుతున్నానంటే, నేను రెండేళ్లు దాన్ని ఆకలికి మూతలా వాడాను. నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుండేది, అది నాకు గెలుపులా అనిపించేది. బరువు తగ్గితే నడుము వస్తుందనుకున్నాను. తగ్గింది నడుము ఒక్కటే కాదు. కొత్త కొవ్వు చేరితేనే తుంటి వస్తుంది, తిండి లేకపోతే కొవ్వు ఎక్కడి నుంచి చేరుతుంది? హార్మోన్లు చేద్దామనుకున్న పనికి నేనే అడ్డుపడ్డాను. మనలాంటివారిలో తిండికి సంబంధించిన రుగ్మతలు మిగతావారికంటే ఎక్కువగా ఉన్నాయని చాలా అధ్యయనాలు చెప్పాయి. నాకు ఆ మాట చెప్పింది అధ్యయనం కాదు, దువ్వెనలోకి వచ్చిన జుట్టు. ఇప్పుడు నేను కార్సెట్ వేసుకుంటాను, కానీ భోజనమయ్యాకే, ఒక గంట ఆగి.

నీలిగవ్వ

అక్కా, మీ సందేశం చదివి రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. మధ్యాహ్నం తినడం మానేశాను, నిజమే. దానికి కార్సెట్ కారణమని అనుకోలేదు, కార్సెట్ నాకు ఒక సాకు అయిందని ఇప్పుడు అనిపిస్తోంది. నాకు మాట్లాడే కౌన్సెలర్ ఒకరున్నారు, ఈ వారం ఆవిడకు చెబుతాను.

ఎండమల్లె

నేను స్త్రీనీ కాను, పురుషుణ్ణీ కాను. నెలకు మూడు నాలుగు సార్లు వేసుకుంటాను, మిగతా రోజుల్లో దాని ఊసే ఉండదు. ఇలా కూడా వేసుకోవచ్చని గుర్తు చేయడానికి రాశాను.

చుక్కలముగ్గు

ఒక చిన్న విషయం. నడుము కొలతను తుంటి కొలతతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని పట్టుకుని, 0.7 వస్తేనే ఆడతనమని కొందరు రోజూ లెక్కలు వేసుకుంటున్నారు. నేనూ వేసుకున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ నిష్పత్తిని జబ్బుల ముప్పు అంచనా వేయడానికి వాడుతుంది, స్త్రీలకు 0.85 దాటితే ముప్పు ఎక్కువని చెబుతుంది. అంతకుమించి దానికి అర్థం లేదు. నడుము ఉందో లేదో తెలియదని మురిసిపోయిన మన కావ్యాల వర్ణనలను నిజమని నమ్మి టేపు పట్టుకుంటే, పుట్టుకతో స్త్రీలైనవారిలో కూడా నెగ్గేవారు బహు కొద్దిమంది. రోడ్డు మీద వెళుతున్న పదిమంది ఆడవాళ్లను ఊరికే గమనించండి, ఎంతమందికి నిటారు గీత ఉందో తెలుస్తుంది. నేను వంద మంది దాకా చూశాక టేపు అటకెక్కించాను.

కొత్తనీరు

మూడు నెలల్లో నాకు వెజినోప్లాస్టీ, అంటే యోనిని రూపొందించే శస్త్రచికిత్స, ఉంది. తరువాత ఎప్పటి నుంచి వేసుకోవచ్చు?

ఊపిరి

ఆ తేదీ మీ సర్జనే చెప్పాలి. పొట్టను నొక్కే ఒత్తిడి కింద కటి కండరాల మీద పడుతుంది, మానుతున్న గాయానికి అది మంచిది కాదు. అడగకుండా వేసుకోకండి, అడగడానికి సిగ్గుపడకండి.

నీలిగవ్వ

ఏడు వారాల తరువాత వచ్చి రాస్తున్నాను. మొదటి మూడు వారాలు కార్సెట్ ముట్టుకోలేదు. తొడ తిమ్మిరి పది రోజులకు తగ్గడం మొదలై, నెల తిరిగేసరికి పూర్తిగా పోయింది. వైద్యుడు రక్తపోటు చూసి స్పైరోనోలాక్టోన్ మోతాదు తగ్గించారు, నీళ్లు లెక్క పెట్టుకుని తాగమన్నారు; కళ్లు తిరగడం లేదు. మధ్యాహ్నం తింటున్నాను, అన్ని రోజులూ కాదు గానీ ఎక్కువ రోజులు.

సూదీదారం గారు చెప్పిన కొలతలతో కుట్టించుకున్నది పోయిన వారం వచ్చింది. ముందు పాత గుడ్డతో నమూనా కుట్టి, వేసి చూసి, పక్కటెముకల దగ్గర ఇంకో అర అంగుళం వదిలారు. లోపల పల్చని బనియను వేసుకుని, రోజుకు గంటన్నర మాత్రమే, లేసులు మరీ లాగకుండా వేసుకుంటున్నాను. వీపు మీద రెండు అంచులూ మొదటిసారి సమానంగా నిలబడ్డాయి, ఫొటో తీసి దాచుకున్నాను. 30 అంగుళాలే. మెత్తలు పెట్టుకుని ఎదురుగా చూసుకుంటే గీత వంగింది. విప్పాక దిగులు రాలేదని చెప్పను, వచ్చింది, కానీ వంట చేసుకునేలోపు పోయింది.

ఒక్క సందేహం. విప్పేటప్పుడు ముందు కొక్కేలు చాలా బిగుతుగా ఉండి ఊడిరావడం లేదు. నిన్న ఒకటి వంగినట్టుంది. ఏం చేయాలి?

సూదీదారం

ముందు వెనకాల లేసులు బాగా వదులు చేయండి, చెయ్యి దూరేంత వదులు. ఆ తరువాత కొక్కేల జోలికి వెళ్లండి, అప్పుడు అవే వస్తాయి. వంగినదాన్ని మీరు సరిచేయబోకండి, పట్టీ విరుగుతుంది. దగ్గరగా ఫొటో తీసి పెట్టండి, చూసి చెబుతాను.